అంతకు ముందు పెట్టిన సంతకాలు

ఆ ఉత్తరాన్ని ఫుల్‌స్కేప్ కాగితానికి రెండు వైపులా రాశాను. 2008 మే నెల. కాలేజీకి సెలవులు. స్టాఫ్ రూములో ఒక్కణ్ణే కూర్చుని, ఫ్యాను గాలికి కాగితం ఎగరకుండా డస్టరు బరువు పెట్టి, ఒక్క కొట్టివేత లేకుండా రాశాను. వైస్ ప్రిన్సిపాల్ బాధ్యతల నుంచి తప్పుకుంటున్నాననే మాట చివరి పేరాలో వస్తుంది. అంతకు ముందు ఉన్నదంతా ఎందుకు తప్పుకుంటున్నానో చెప్పడమే. మాతృభాష గురించి, పల్లెటూరి పిల్లల గురించి, కాలేజీ పెట్టిన పెద్దల ఆశయాల గురించి. రాయడం పూర్తయ్యాక మూడు జిరాక్సులు తీయించాను. ఒకటి ప్రిన్సిపాలుగారికి, ఒకటి స్టాఫ్ రూము నోటీసు బోర్డుకు, ఒకటి నాకు. అసలు ప్రతి కరస్పాండెంటుగారికి. ఈ మూడు జిరాక్సుల సంగతి చాలా ఏళ్ళ తర్వాతగానీ నాకు పట్టించుకోదగ్గ విషయంగా కనబడలేదు.

మాది కోస్తాలో ఒక చిన్న పట్టణం. ఎయిడెడ్ డిగ్రీ కాలేజీ. నేను బి.ఏ. పిల్లలకు రాజనీతిశాస్త్రం చెప్పేవాణ్ణి, తెలుగులో. నేను చదివిందీ తెలుగులోనే. తెలుగు అకాడమీ పుస్తకాలు లేకపోతే మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కినవాడు ఉండేవాడు కాడు. ఆ వేసవిలో పాలకవర్గానికి ఎన్నికలు జరిగి కొత్త కరస్పాండెంటు వచ్చారు. మొదటి సమావేశంలోనే తన నిర్ణయం చెప్పేశారు: వచ్చే ఏడాది నుంచి బి.ఎస్సీ., బి.కాం.లలో తెలుగు మీడియంలో కొత్తగా ఎవరినీ చేర్చుకోరు. బి.ఏ. జోలికి రాలేదు. నా పాఠానికి వచ్చిన ముప్పేమీ లేదు. అయినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే లేచి కాలేజీకి వెళ్ళి ఆ ఉత్తరం రాశాను.

తర్వాతి వారం పది రోజులూ నాకు బాగున్నాయనే చెప్పాలి. ఫోన్లు వచ్చాయి. పాత విద్యార్థులు ఇంటికొచ్చి దండం పెట్టి వెళ్ళారు. జిల్లా పేజీలో నాలుగు వరుసల వార్త పడింది. "మీలాంటివాళ్ళు ఇంకా ఉన్నారండీ" అని ఒకాయన బస్టాండులో నా చెయ్యి పట్టుకున్నాడు. నేను ఆ మాటను కాదనలేదు.

కాదనకపోవడానికి కారణం ఉంది. ఏటా రెండో సంవత్సరం పిల్లలకు కేంద్ర మంత్రిమండలి పాఠం చెప్పేటప్పుడు, సమష్టి బాధ్యత అన్న చోట నేను కొంచెం ఎక్కువసేపు ఆగేవాణ్ణి. రాజ్యాంగం 75వ అధికరణం ప్రకారం మంత్రులందరూ కలిసి లోక్‌సభకు బాధ్యులు. గదిలో ఎంతైనా వాదించుకోవచ్చు. బయటికి వచ్చాక అందరిదీ ఒకే మాట. ఆ మాట తన నోట పలకలేనివాడు బయటికి నడవాలి. ఇది చెప్పి, నడిచినవాళ్ళ కథలు చెప్పేవాణ్ణి. హిందూ కోడ్ బిల్లు కళ్ళ ముందే మూలనపడుతుంటే 1951 సెప్టెంబరులో న్యాయశాఖ వదిలేసిన అంబేద్కర్. నెహ్రూ లియాకత్ అలీ ఒప్పందం నచ్చక 1950లో తప్పుకున్న శ్యామాప్రసాద్ ముఖర్జీ. అందరికంటే ఎక్కువ ఇష్టంగా చెప్పేది వి.వి. గిరిగారి గురించి.

గిరిగారు 1952లో మన పాతపట్నం నుంచి లోక్‌సభకు గెలిచి నెహ్రూ మంత్రివర్గంలో కార్మికశాఖ చూశారు. అంతకు ముందు చాలా ఏళ్ళు ఆయన రైల్వే కార్మికుల సంఘాల్లో పనిచేశారు. 1954లో బ్యాంకు ఉద్యోగుల జీతాల మీద లేబర్ అప్పిలేట్ ట్రిబ్యునల్ ఒక తీర్పు ఇచ్చింది. ప్రభుత్వం దాన్ని ఉద్యోగులకు నష్టం కలిగేలా సవరించింది. తన శాఖ పరిధిలోని వివాదంలో, ట్రిబ్యునల్ ఇచ్చినదాన్ని ప్రభుత్వమే తగ్గిస్తుంటే, కార్మికశాఖ కుర్చీలో కూర్చుని దాన్ని సమర్థించడం తనవల్ల కాదన్నారు. రాజీనామా చేశారు. ఆ తర్వాత ప్రభుత్వం ఆ వ్యవహారాన్ని మళ్ళీ పరిశీలించడానికి ఒక కమిషన్ వేయాల్సి వచ్చింది. మనవాడు, కార్మికుల మనిషి, ఫలితమూ వచ్చింది. పిల్లల కళ్ళు మెరిసేవి. నా కళ్ళు కూడా మెరిసే ఉంటాయి.

ఆ వరుసలోనే చాగ్లా పేరు కూడా వచ్చేది. మహమ్మదలీ కరీం చాగ్లా. ఇందిరాగాంధీ మంత్రివర్గంలో విదేశాంగ మంత్రి. 1967 సెప్టెంబరులో రాజీనామా చేశారు. ఎందుకంటే, విశ్వవిద్యాలయాల్లో బోధన ప్రాంతీయ భాషల్లోకి మారాలన్న ప్రభుత్వ విధానం ఆయనకు నచ్చలేదు. ఆ విధానం లేకపోతే నా చదువు లేదు. అందుకని గిరిగారికి అరగంట ఇచ్చినవాణ్ణి ఆయనకు అర నిమిషం ఇచ్చేవాణ్ణి. "ఇంగ్లీషు మీద మమకారంతో మంత్రి పదవి వదులుకున్నారు" అని, పేజీ తిప్పేవాణ్ణి. ఇరవై ఏళ్ళకు పైగా అదే వాక్యం. గిరిగారిది నియమ నిష్ఠ, చాగ్లాది పట్టుదల. ఆ తేడా ఎక్కడినుంచి వచ్చిందని ఏ పిల్లా పిల్లవాడూ అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేవాణ్ణో.

జూన్ మూడో వారంలో ఒక సాయంత్రం ఒక అమ్మాయి ఇంటికి వచ్చింది. బి.ఎస్సీ. తెలుగు మీడియంలో మొదటి సంవత్సరం పూర్తిచేసి రెండో సంవత్సరంలోకి వస్తోంది. పన్నెండు కిలోమీటర్ల దూరం నుంచి బస్సులో వచ్చే పిల్ల. చేతిలో అకాడమీ భౌతికశాస్త్రం పుస్తకం, వార్తాపత్రికతో అట్ట వేసి ఉంది. అరుగు మీద కూర్చోమన్నాను. కూర్చోలేదు.

"సార్, మా సెక్షన్ని కూడా ఇంగ్లీషు మీడియంలో కలిపేస్తారంట. ఈ నెలాఖరున స్టాఫ్ కౌన్సిల్లో పెడతారంట. జడత్వ భ్రామకం అంటే నాకు తెలుసు సార్. దాన్నే ఇంగ్లీషులో రాయమంటే ఫెయిలైపోతాను. మీరు వైస్ ప్రిన్సిపాల్ గారు కదా, మీరు చెబితే వింటారు."

"నేనిప్పుడు వైస్ ప్రిన్సిపాల్ని కాదమ్మా. మానేశాను."

ఆ పిల్ల ఒక్క క్షణం అర్థంకానట్టు చూసింది. "అదేంటి సార్? ఎందుకు మానేశారు?"

మీ కోసమేనమ్మా అని నోటి దాకా వచ్చింది. బయటికి రాలేదు. పుస్తకాన్ని రెండు చేతులతో ఛాతీకి ఆనించుకుని ఆమె నిలబడిన తీరు చూస్తుంటే ఆ మాట అనడానికి ధైర్యం చాలలేదు. "ప్రిన్సిపాలుగారితో మాట్లాడతాలే" అన్నాను. ఆమె తల ఊపి వెళ్ళిపోయింది. సందు చివర బస్సు దొరుకుతుందో లేదోనని పరుగు లాంటి నడకతో వెళ్ళింది.

స్టాఫ్ కౌన్సిల్లో వైస్ ప్రిన్సిపాల్ పదవిరీత్యా సభ్యుడు. నా బదులు వచ్చినాయన ఆ సమావేశంలో కూర్చున్నారు. తీర్మానాన్ని ఆయన బలపరిచారు. దాన్ని ఆపింది మా ఫిజిక్స్ మాస్టారు. నా ఉత్తరం నోటీసు బోర్డు మీద చదివి ఒక్క మాటా అనకుండా పక్కకు వెళ్ళిపోయిన మనిషి ఆయనే. అడ్మిషన్ల కమిటీలో ఉన్నారు. కొత్త కరస్పాండెంటు విధానం ఆయనకీ ఇష్టం లేదని అందరికీ తెలుసు. అయినా కమిటీలోంచి లేవలేదు. ఆ రోజు కౌన్సిల్లో ఆయన లేచి, చేరిన నాటి మీడియంలోనే పిల్లలు కోర్సు పూర్తిచేయాలనీ, అప్పటికే తెలుగులో చేరి ఉన్న రెండు బ్యాచులకూ పాఠాలు తానే తెలుగులో చెబుతాననీ, అదనపు గంటలకు ఏమీ అడగననీ చెప్పారట. కరస్పాండెంటుగారు కాసేపు ఆలోచించి సరేనన్నారట. ఆ అమ్మాయి డిగ్రీ తెలుగులోనే పూర్తి చేసింది. నా ఉత్తరం అప్పటికే నోటీసు బోర్డు మీద రంగు వెలిసి, దాని మీద పరీక్ష ఫీజు గడువు కాగితం అంటించి ఉంది.

ఇది నాకు గుచ్చుకుంది. కానీ వెంటనే ఏమీ నేర్పలేదు. మనకు ఒక దెబ్బ తగిలిన చోటు తెలియడానికీ, అది ఎందుకు తగిలిందో తెలియడానికీ మధ్య చాలా కాలం పడుతుంది. అప్పుడు నాకు నేను ఒక సమాధానం చెప్పుకున్నాను: ఆయన దారి ఆయనది, నా దారి నాది, ఉండి పోరాడేవాళ్ళు కొందరు, వదిలి చూపేవాళ్ళు కొందరు. వినడానికి బాగున్న మాట. ఆ మాటతో ఏడెనిమిదేళ్ళు గడిపాను.

రిటైరయ్యాక జిల్లా గ్రంథాలయానికి వెళ్ళడం అలవాటైంది. ఒకరోజు చాగ్లా ఆత్మకథ, 'రోజెస్ ఇన్ డిసెంబర్', బీరువాలో కనబడింది. ఇరవై ఏళ్ళు అర నిమిషంతో సరిపెట్టిన మనిషికి కొంత బాకీ ఉన్నానని ఎందుకో అనిపించి తీసుకున్నాను. అదొక్కటే కాదు, ఆ రోజుల వ్యవహారం గురించి దొరికినదల్లా చదివాను. చదివినకొద్దీ నా అర నిమిషం వాక్యం నన్నే కుదిపింది.

ముందుగా తెలిసినదే, ఎప్పుడూ ఆలోచించని సంగతి ఒకటి. చాగ్లా బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా 1947 నుంచి 1958 దాకా పనిచేశారు. 1958లో ఎల్.ఐ.సి. డబ్బు ముంధ్రా కంపెనీల షేర్లలోకి వెళ్ళిన వ్యవహారం మీద ఏకసభ్య కమిషన్‌గా విచారణ జరిపింది ఆయనే. ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి ఆ కొనుగోలు తనకు తెలియకుండా జరిగిందన్నారు. తన కార్యదర్శి చేసిన పనికి మంత్రి రాజ్యాంగరీత్యా బాధ్యుడేనని చాగ్లా తేల్చారు. కృష్ణమాచారి రాజీనామా చేయాల్సి వచ్చింది. మంత్రి అంటే తన చేతి కింద జరిగినదానికి జవాబు చెప్పుకునేవాడని 1958లో కొలతబద్ద పట్టుకుని చెప్పిన మనిషి, 1967లో అదే బద్ద తన మీద పెట్టుకున్నాడన్నమాట. అది ఇంగ్లీషు మీద మమకారమా? మమకారం ఉండొచ్చు. కానీ అదొక్కటే కాదు.

ఇక ఆ వివాదం. చాగ్లా 1963 చివరి నుంచి 1966 నవంబరు దాకా విద్యామంత్రి. కొఠారి కమిషన్‌ను 1964లో వేసింది ఆయన హయాంలోనే. 1966 జూన్‌లో ఆ కమిషన్ నివేదిక వచ్చింది. విశ్వవిద్యాలయాల్లో కూడా పదేళ్ళ వ్యవధిలో ప్రాంతీయ భాషలే బోధనా మాధ్యమాలు కావాలని అది సూచించింది. 1967 ఎన్నికల తర్వాత త్రిగుణ సేన్ కొత్త విద్యామంత్రిగా వచ్చారు. ఆ మార్పును ఇంకా తొందరగా తేవాలన్న పట్టుదల ఆయనది. అదే ఏడు పార్లమెంటు సభ్యుల కమిటీ కూడా ఆ దిశగానే మాట్లాడింది. ప్రభుత్వం ఆ దారి పట్టింది. దేశమంతా ఒకరితో ఒకరు మాట్లాడుకునే ఉమ్మడి భాష స్థిరపడకముందే విశ్వవిద్యాలయాలు దేనికదిగా విడిపోతే దేశ ఐక్యతకు ముప్పని చాగ్లా భయం. చదువు ప్రమాణాలు పడిపోతాయని ఇంకో భయం.

నేను మొదట అడిగిన ప్రశ్న, ప్రాసిక్యూటరు అడిగేలాంటి ప్రశ్న. మీరు వేసిన కమిషనే కదా చెప్పింది. నివేదిక వచ్చినప్పుడు మీరే విద్యామంత్రి కదా. అప్పుడెందుకు వదల్లేదు? ఏడాది తర్వాత, అదీ మీ శాఖ కానప్పుడు, కొత్త మంత్రి వచ్చి అమలు చేస్తానంటే ఎందుకు వదిలారు?

ఈ ప్రశ్నతో నేను చాలా రోజులు కూర్చున్నాను. జవాబు పాఠ్యపుస్తకంలోనే ఉంది, నేనే ఏటా చెప్పినదే. నివేదిక సూచన మాత్రమే. సూచన ఎదుట ఉన్నంతకాలం దాన్ని కాదని వాదించవచ్చు. విద్యామంత్రిగా ఉన్నప్పుడు చాగ్లా తన అభిప్రాయం దాచుకోలేదు. మార్పులో తొందర వద్దని బాహాటంగానే చెబుతూ వచ్చారు. 1967లో అది ప్రభుత్వ విధానమైంది. విధానమైన క్షణం నుంచి అది విద్యామంత్రిది మాత్రమే కాదు, విదేశాంగ మంత్రిది కూడా. శాఖ నాది కాదులే అని ఊరుకోవడానికి సమష్టి బాధ్యత ఒప్పుకోదు. నోరు మూసుకుని ఉంటే సమర్థించినట్టే లెక్క. నేను "తన శాఖ కానిదానికి ఎందుకు" అనుకున్న చోటే ఆయన నిజాయితీ ఉందని నాకు అర్థమైంది. విదేశాంగశాఖలో హాయిగా ఉండిపోవచ్చు. ఎవరూ వేలెత్తి చూపరు. అయినా లేచారు.

ఆయన చెప్పినది సరైనదని నేను ఇప్పటికీ అనుకోను. ఒక దేశపు పిల్లలు తమ ఇంటి భాషలో పై చదువులు చదివితే ఆ దేశం విడిపోతుందని నేను నమ్మను. నేను అలా చదివాను, నాలాంటివాళ్ళు లక్షల మంది చదివారు. అయినా ఆయన రాజీనామా నియమబద్ధమైనదేనని ఒప్పుకోక తప్పలేదు. ఇన్నాళ్ళూ నేను చేసింది వేరు. నాతో ఏకీభవించినవాడు వదిలితే ఆదర్శం, విభేదించినవాడు వదిలితే మొండితనం. గిరిగారికి వేసిన తూకపు రాళ్ళు వేరు, చాగ్లాకు వేసినవి వేరు. ఒక అంగట్లో రెండు రకాల రాళ్ళు పెట్టుకున్న వర్తకుణ్ణి మనం ఏమంటామో మనకు తెలుసు.

రాళ్ళు సరిచేసుకుంటే, తూచాల్సినవాళ్ళలో తర్వాతి మనిషిని నేనే.

ఇక్కడ ఒక మాట దగ్గర ఆగాలి. రాజీనామా అన్న మాట మనకు పారసీకం నుంచి వచ్చింది. రాజీ అంటే సమ్మతి. నామా అంటే పత్రం. సమ్మతి పత్రం. రాజీపడనివాడు రాసే కాగితానికి ఆ పేరేమిటని చిన్నప్పుడు వింతగా ఉండేది. రెవెన్యూ కాగితాల్లో రైతు తన భూమి మీద హక్కు వదులుకుంటూ రాసిచ్చేదాన్ని కూడా రాజీనామా అనే అనేవారు. వదులుకోవడానికి నేను సమ్మతిస్తున్నాను అని దాని అర్థం. ఇప్పుడు ఆ మాట నాకు సరిగ్గానే అమరినట్టు అనిపిస్తుంది. కొత్త నాయకుడు ఒక విధానం తెచ్చినప్పుడు, అది తెచ్చే హక్కు అతనికి ఉందని వదిలి వెళ్ళేవాడు ఒప్పుకుంటాడు. నిర్ణయం నీది, అందులో నేను ఉండలేను, కనుక కుర్చీ ఖాళీ చేస్తున్నాను. లోపల కూర్చుని తీసుకున్న నిర్ణయాన్ని చాటుగా చెడగొట్టడం కంటే ఇది శుభ్రమైన పని.

నా ఉత్తరంలో ఆ సమ్మతి ఎక్కడా లేదు. జిరాక్సు తీసి చదివాను. ఇంట్లో ఒక ఫైల్లో ఉంది. రెండు వైపులా కొత్త కరస్పాండెంటుగారిని దోషిగా నిలబెట్టే వాక్యాలే. ఆయన పాలకవర్గంలో ఓట్లు పడి గెలిచారు. నిర్ణయం సమావేశంలో, అందరి ముందు చెప్పారు. ఆయన్ని ఒప్పించడానికి నేను ఒక్కసారైనా ఆయన గదికి వెళ్ళలేదు. ముందు ఉత్తరం రాశాను, తర్వాత నోటీసు బోర్డుకు అంటించాను. ఆ ఉత్తరం ఆయన కోసం రాసింది కాదు, నోటీసు బోర్డు కోసం రాసింది. అప్పుడు గుర్తొచ్చాయి ఆ మూడు జిరాక్సులు.

అంతకంటే బరువైనది ఇంకొకటి ఉంది. చాగ్లా రాజీనామా ఎవరినీ ఆశ్చర్యపరచి ఉండదు. ఆయన ఏమనుకుంటున్నారో ఏళ్ళ తరబడి అందరికీ తెలుసు. నా రాజీనామాకు అందరూ ఆశ్చర్యపోయారు. "మీరింత పట్టుదల మనిషని అనుకోలేదండీ" అని ఒకరు పొగిడారు కూడా. ఆ పొగడ్తలో ఉన్న నిజం అప్పుడు వినపడలేదు. ఎందుకు అనుకోలేదు? నేను అంతకు ముందు ఎప్పుడూ ఏమీ అనలేదు కాబట్టి.

అయిదేళ్ళు వైస్ ప్రిన్సిపాల్‌గా ఉన్నాను. ఏటా జూలైలో అడ్మిషన్ల తుది జాబితా నా బల్ల మీదికి వచ్చేది. మీడియం వారీగా ఎంతమంది అన్నది చివరి గడిలో ఉంటుంది. కింద నా సంతకం. బి.ఎస్సీ. తెలుగు మీడియం గడిలో అంకె ఏటా తగ్గుతూ వచ్చింది. చూసేవాణ్ణి, పెట్టేవాణ్ణి. కెమిస్ట్రీలో తెలుగులో చెప్పే ఆయన రిటైరైతే ఆ ఖాళీ నింపలేదు. ఆ గంటలు అటూ ఇటూ సర్దిన వర్క్‌లోడ్ స్టేట్‌మెంటు మీద కూడా నా సంతకమే. అడ్మిషన్ల రోజుల్లో కౌంటరు దగ్గర ఏ రైతో కొడుకును తీసుకొచ్చి "ఏ మీడియంలో చేర్చమంటారు బాబూ?" అని అడిగితే, "ఇంగ్లీషులో చేర్చండి, రేపు ఉద్యోగానికి పనికొస్తుంది" అని నేనే చెప్పిన సందర్భాలు ఉన్నాయి. అది అబద్ధమని నేను అనను. ఆ తండ్రికి నేను చెప్పింది నాకు తెలిసిన నిజమే. కానీ ఒక్కొక్క తండ్రికీ ఒక్కొక్క నిజం చెబుతూ, ఏడాదికోసారి సంతకం పెడుతూ, ఆ సెక్షన్ మూతపడే దారిలో నేనూ నాలుగు అడుగులు వేశాను. కొత్త కరస్పాండెంటుగారు చేసింది, మేమంతా నిశ్శబ్దంగా చేస్తూ వస్తున్నదాన్ని బిగ్గరగా చెప్పడం. అది విన్నాక నాకు కోపం వచ్చింది. ఆ కోపంలో కొంత భాగం నా మీదిది అయి ఉండాలి. అదంతా ఆయన పేరు మీద రాసేశాను.

పాత నాయకుడి కాలంలో మౌనంగా మోసినదాన్ని, కొత్త నాయకుడు పేరు పెట్టి పిలవగానే మనం బరువని దింపుతాం. దింపినందుకు మనల్ని మనమే మెచ్చుకుంటాం. దీని అర్థం మౌనంగా ఉన్నవాడు ఎప్పటికీ లేవకూడదనా? కాదనుకుంటాను. ఆలస్యంగా మేలుకున్నవాడికీ మేలుకునే హక్కుంది. ఒక్కోసారి కొత్తవాడి గొంతు వింటేనే మనం ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నామో మనకు కనబడుతుంది. అలా కనబడినప్పుడు ఆ ఉత్తరంలో మొదటి వాక్యం వేరుగా ఉండాలి. అయిదేళ్ళుగా నేను సంతకం పెడుతున్నాను అని మొదలవ్వాలి. ఆ వాక్యం రాయగలిగి ఉంటే ఉత్తరం ఒకవైపుకే సరిపోయేది. బహుశా రాజీనామా ఉత్తరమే అయ్యేది కాదు.

ఈ ఆలోచన పట్టుకుని ఒకరోజు ఫిజిక్స్ మాస్టారింటికి వెళ్ళాను. ఆయనా రిటైరయ్యారు. పెరట్లో బెండ మొక్కలకు నీళ్ళు పెడుతున్నారు. ఆ రెండు బ్యాచులకు ఆయన రాసిన నోట్సు ఇంకా ఉందా అని అడిగితే లోపలినుంచి ఒక కట్ట తెచ్చారు. ఎడమ పేజీలో తెలుగు, కుడి పేజీలో ఇంగ్లీషు. వ్యతికరణం అన్నదానికి ఎదురుగా ఇంటర్‌ఫెరెన్స్, వివర్తనం ఎదురుగా డిఫ్రాక్షన్, సొంత దస్తూరీలో, నీలం సిరా, కొన్నిచోట్ల నీటి మరకలు. పిల్లలు రేపు పై చదువులకు వెళ్తే ఇబ్బంది పడకూడదని రెండూ రాశారట.

"మాస్టారూ, అప్పుడు మీరెందుకు వదల్లేదు?" అని అడిగాను. ఇన్నేళ్ళూ అడగని మాట.

ఆయన గొట్టాన్ని ఇంకో పాదులోకి మార్చారు. "వదలాలనే ఉండేదండీ. ఆ పిల్లల్ని తెలుగులో చేర్చుకున్నప్పుడు నేనూ సంతకం పెట్టాను కదా. వాళ్ళు బయటపడేదాకా ఉందామనుకున్నాను." కాసేపాగి, "మీరు వదలడం నాకు తప్పనిపించలేదండీ. కొంచెం తొందరనిపించింది, అంతే" అన్నారు.

ఆయన ఉండిపోవడమే గొప్ప, నేను వదలడమే తప్పు అని తేల్చేస్తే సులువు. అంత సులువుగా తేలడం లేదు. ఆయన ఉన్నందువల్ల రెండు బ్యాచులు గట్టెక్కాయి. ఆయన ఉండిపోవడం వల్ల, అందరూ ఒప్పుకున్నారన్న పేరు ఆ విధానానికి వచ్చింది కూడా. లోపల ఉన్న మంచివాళ్ళను చూపించి చెడ్డ నిర్ణయాలు నిలబడిన సందర్భాలు చరిత్రలో చాలా ఉన్నాయి. గిరిగారు కార్మికశాఖలో ఉండిపోయి ఉంటే, బ్యాంకు గుమాస్తాలకు కమిషన్ దక్కేదా అన్నది తోసిపుచ్చలేని ప్రశ్న. చాగ్లా వెళ్ళిపోయినా ప్రభుత్వం ఆగలేదు. 1968 జాతీయ విద్యావిధానం విశ్వవిద్యాలయాల్లో ప్రాంతీయ భాషల కోసం వెంటనే చర్యలు తీసుకోవాలని చెప్పింది. అదే ఏడు మన రాష్ట్రంలో పి.వి. నరసింహారావుగారు అధ్యక్షులుగా తెలుగు అకాడమీ మొదలైంది. ఆ అమ్మాయి చేతిలోని పుస్తకం, నా చేతిలోని పుస్తకం, అక్కడినుంచి వచ్చినవే. చాగ్లా ఓడిన చోట మేము గెలిచాం. నలభై ఏళ్ళకు అదే గెలుపు మా కాలేజీ రిజిస్టరులో ఒక గడిలో ఏటా కొంచెం కొంచెంగా కరిగిపోయింది. దాన్ని ఏ మంత్రీ రద్దు చేయలేదు, ఎవరూ దాని కోసం రాజీనామా చేయలేదు.

ఆ రాత్రి ఇంటికొచ్చి ఫైలు తీశాను. నా ఉత్తరం జిరాక్సు రెండు కాగితాలుగా ఉంది. మొదటిదాని వెనక ఖాళీ. గుర్తున్నంత మేరకు ఆ అయిదేళ్ళ అంకెలూ దాని మీద వరుసగా రాశాను. యాభై ఎనిమిది. నలభై ఏడు. ముప్ఫై మూడు. ఇరవై. పన్నెండు. ఒక్కొక్కదాని పక్కన, జూలై జాబితాల కింద పెట్టినట్టే, నా సంతకం పెట్టాను. ఆ పన్నెండు మందిలో ఒకరు ఆ సాయంత్రం మా అరుగు ముందు నిలబడిన అమ్మాయి.